పాత వెండి నాణేల మీద టంకశాల గుర్తులు: హైదరాబాద్ ఇళ్ళలో దొరికే రూపాయల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో పాత కుటుంబాల బీరువాల్లో, దేవుడి పెట్టెల్లో కనిపించే వెండి రూపాయలు ఎక్కువగా రెండు రకాలు. ఒకటి నిజాం కొట్టించిన హాలీ సిక్కా. రెండోది ఇంగ్లీషు రాజు తల ఉన్న కల్దార్. టంకశాల గుర్తు వెతికే పద్ధతి ఈ రెంటికీ పూర్తిగా వేరు. ఒకదాని మీద వెతకాల్సింది రెండోదాని మీద వెతకడం వల్లే సగం గందరగోళం వస్తుంది. కింది ప్రశ్నలన్నీ ఈ విషయం తెలిస్తే చాలావరకు విడిపోయేవే.

టంకశాల గుర్తు అంటే ఏమిటి? ఎందుకు వేసేవారు?

నాణెం ఏ ఊరి టంకశాలలో తయారైందో చెప్పే చిన్న ఆనవాలు అది. అక్షరం కావచ్చు, చుక్క కావచ్చు, పువ్వో నెలవంకో కావచ్చు. ఒక్కోసారి ఊరి పేరు మొత్తం ఉంటుంది. సేకరించేవాళ్ళ కోసం పెట్టింది కాదు. తూకం తగ్గినా, వెండిలో కల్తీ జరిగినా ఏ టంకశాలను నిలదీయాలో తెలియడానికి పెట్టింది.

నా దగ్గరున్నది హాలీ రూపాయా, కల్దారా? ముందు అది ఎలా తేల్చుకోవాలి?

బొమ్మ చూస్తే చాలు. చార్మినార్ ఉంటేనో, మొత్తం పార్సీ రాతే ఉంటేనో హాలీ వైపు చూడండి. రాణి లేదా రాజు తల, దాని చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు ఉంటే కల్దార్. 'కల్' అంటే యంత్రం. యంత్రం మీద కొట్టిన రూపాయి కాబట్టి జనం అలా పిలిచారు. తర్వాత నిజాం కూడా యంత్రాలు తెప్పించుకున్నాడు కానీ, ఆ పేరు మాత్రం ఇంగ్లీషు రూపాయికే ఉండిపోయింది.

బొమ్మ అరిగిపోయి ఉంటే తూకం వేయండి. ఆన్‌లైన్‌లో దొరికే గ్రాముల త్రాసు సరిపోతుంది. కల్దార్ సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు, అందులో వెండి నూటికి 91.7 పాళ్ళు. చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్ళు. అరిగిన నాణెం పది, ఇరవై పాయింట్లు (0.1, 0.2 గ్రాములు) తగ్గుతుంది, అది మామూలే. ఎక్కువ తూగితే మాత్రం అనుమానించాలి.

ఈ రెంటినీ గుణించి చూస్తే తమాషా అయిన సంగతి ఒకటి బయటపడుతుంది. కల్దార్‌లో అసలు వెండి సుమారు 10.69 గ్రాములు, హాలీలో 9.14. అంటే 100 కల్దార్ల వెండికి దాదాపు 117 హాలీ రూపాయలు కావాలి. మారకం కూడా అలాగే నడిచింది: 6 కల్దార్లకు 7 హాలీలు, నూటికి 116 చిల్లర. మనం పెళ్ళిళ్ళలో చదివించే నూటపదహార్లు ఇక్కడి నుంచే వచ్చాయని చాలామంది చెబుతారు. లెక్క కుదురుతుంది, నిజమే. కానీ ఆ కాలంలో నిజాం ఏలుబడిలో లేని గోదావరి జిల్లాల్లో కూడా పదహార్లే ఇస్తారు కదా, అందుకే నేను దాన్ని మంచి కథగానే ఉంచుకుంటాను.

చార్మినార్ గుమ్మంలో ఒక అక్షరం ఉంది. అదేనా టంకశాల గుర్తు?

కాదు. అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. తప్పు జవాబు ఎక్కువగా దొరికేది కూడా దీనికే.

నాణెం మీది చార్మినార్ మధ్య గుమ్మంలో కనిపించేది నిజాం పేరులోని మొదటి అక్షరం. మహబూబ్ అలీ ఖాన్ రూపాయల్లో 'మీమ్' ఉంటుంది. పైన చిన్న గుండ్రం, దాని నుంచి కిందికి జారిన తోక. ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయల్లో 'ఐన్' ఉంటుంది. అది ఇంగ్లీషు మూడు అంకెను అద్దంలో చూసినట్టు, ఎడమ వీపు, కుడి వైపు తెరిచిన నోరుతో కనిపిస్తుంది. మీమ్ ఉంటే ఆ రూపాయి హిజ్రీ (ముస్లింల క్యాలెండరు) 1321కీ 1329కీ మధ్యది, అంటే మన లెక్కలో 1903 నుంచి 1911 దాకా. ఐన్ ఉంటే 1911 ఆగస్టు తర్వాతది.

ఐన్‌లోనూ రెండు రకాలున్నాయి. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన కొత్తలో, హిజ్రీ 1329, 1330 ప్రాంతంలో, గుమ్మంలో ఐన్ తల భాగాన్ని మాత్రమే చిన్నగా చెక్కారు. తర్వాత గుమ్మం నిండుగా పూర్తి ఐన్ వచ్చింది. చిన్న ఐన్ రూపాయలు తక్కువ, అందుకని వాటికి గిరాకీ ఎక్కువ. భూతద్దం లేకుండా ఈ తేడా తేల్చాలని చూడకండి. గుమ్మంలో మురికి నిండితే పూర్తి ఐన్ కూడా చిన్నదానిలాగే కనబడుతుంది.

అరిగిన నాణెంలో మీమ్‌నీ ఐన్‌నీ పోల్చుకోలేకపోతే అక్షరాన్ని వదిలేసి సంవత్సరం చదవండి. అది అబద్ధం చెప్పదు.

మరి హైదరాబాద్ టంకశాల గుర్తు ఎక్కడుంది?

ఒక్క అక్షరంగా ఎక్కడా లేదు. ఊరి పేరే రాశారు. బొరుసు మధ్యలో 'యక్ రూపియా' అని విలువ ఉంటుంది. దాని చుట్టూ తిరిగే పార్సీ రాతలో 'జర్బ్ ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్' అని ఉంటుంది. జర్బ్ అంటే కొట్టడం, నాణెం ముద్రించడం. ఫర్ఖుందా బున్యాద్ ఈ నగరానికున్న బిరుదు, శుభమైన పునాది కలది అని. పాత నాణేల వాళ్ళు 'జర్బ్' అన్న మాటను మొదట గుర్తుపట్టడం నేర్చుకుంటారు, ఎందుకంటే దాని వెంటనే వచ్చేది ఊరి పేరే. మొగలుల వెండి నాణేలకూ ఇదే కిటుకు పనిచేస్తుంది.

యంత్రం మీద చార్మినార్ రూపాయలు కొట్టింది సైఫాబాద్ టంకశాలలో. అది 1903లో మొదలైంది. అంతకు ముందు, 1803 నుంచి, నిజాం సికందర్ జా కాలంలో పెట్టిన టంకశాల మొగల్‌పురా వైపు సుల్తాన్ షాహీలో ఉండేది. సైఫాబాద్ టంకశాలను 1950లో కేంద్ర ప్రభుత్వం తీసుకుంది, 1997లో పని చర్లపల్లికి మారింది. సైఫాబాద్ పాత భవనంలో 2022లో మ్యూజియం పెట్టారు. సెక్రటేరియట్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఆ గోడ పక్కనే ఉంటాం, కానీ లోపలికి వెళ్ళినవాళ్ళు తక్కువ.

92 అని అంకె ఉంది. సంవత్సరమా? 1892 అనుకోవచ్చా?

వద్దు. ఆసఫ్ జాహీ నాణేల మీద కనిపించే 92 సంవత్సరమూ కాదు, టంకశాల నంబరూ కాదు. అరబ్బీలో ఒక్కో అక్షరానికి ఒక్కో విలువ కట్టే అబ్జద్ పద్ధతి ఉంది. దాని ప్రకారం 'ముహమ్మద్' అనే పేరు విలువ అది: మీమ్ 40, హే 8, మళ్ళీ మీమ్ 40, దాల్ 4. కూడితే 92. నాణెం మీద ప్రవక్త పేరు నేరుగా రాయకుండా అంకెలో పెట్టారు. అమ్మేవాళ్ళు '1892 నాటిది సార్' అంటే నవ్వి ఊరుకోండి.

ఉర్దూ రాదు. సంవత్సరం చదవడం ఎలా?

పది అంకెలు నేర్చుకుంటే చాలు, ఒక సాయంత్రం పని. సున్నా ఒక చుక్క. ఒకటి నిలువు గీత. ఏడు పైకి తెరిచిన గరాటులా, ఎనిమిది దాన్ని తిరగేసినట్టు ఉంటాయి. తొమ్మిది మనకు తెలిసిన తొమ్మిదే. ఐదు కిందికి కాస్త ఉబ్బిన గుండ్రం లేదా గుండె ఆకారం. దాన్ని సున్నా అనుకుంటేనే పొరపాటు వస్తుంది. రెండు, మూడు అంకెలకు పైన పళ్ళుంటాయి: రెండుకి ఒక వంపు, మూడుకి రెండు. రాత కుడి నుంచి ఎడమకైనా అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే చదవాలి.

వచ్చిన హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపండి. 1337 అయితే దాదాపు 1297, దానికి 622 కలిపితే 1918-19. హైదరాబాద్ రికార్డుల్లో ఉండే ఫస్లీ సంవత్సరానికి 590 కలిపే లెక్క వేరు, అది పాత భూమి కాగితాలకు. నాణేల మీదిది హిజ్రీ.

రెండోవైపు ఇంకో చిన్న అంకె ఉంటుంది. అది జులూస్ సంవత్సరం, అంటే నిజాం గద్దెనెక్కి ఎన్నేళ్ళయిందో. ఈ రెండూ ఒకదానికొకటి సాక్షి. ఉస్మాన్ అలీ ఖాన్ 1329లో గద్దెనెక్కాడు కాబట్టి, నాణెం మీది హిజ్రీ నుంచి 1329 తీసేస్తే జులూస్ సంవత్సరానికి ఒకటి అటూఇటూగా రావాలి. 1337 ఉన్న నాణెం మీద జులూస్ 8 అంటే సరే, 25 ఉంటే ఏదో తేడా ఉంది. అరిగి సగం చెరిగిన తేదీని పట్టుకోవడానికి కూడా ఈ లెక్కే వాడతాం.

చార్మినార్ లేదు, నాణెం గుండ్రంగా కూడా లేదు. అన్నీ తెగిపోయిన అక్షరాలే. ఇదేమిటి?

సుత్తితో చేత్తో కొట్టిన కాలం నాటిది. ఆ రోజుల్లో అచ్చు పెద్దది, వెండి ముక్క చిన్నది. అచ్చులో ఏ భాగం ముక్క మీద పడితే అదే నాణెం మీదికి వచ్చింది, మిగతాది గాలిలో పోయింది. అందుకే ఒక్క నాణెం మీద పూర్తి వాక్యం దొరకడం అరుదు. ఒకే రకం నాణేలు రెండు మూడు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో లేని ముక్కను ఇంకోదానిలో చదువుకోవాలి.

1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాక ఇక్కడ మొగల్ రూపాయలు మొదలయ్యాయి. వాటిలో కొన్నిటి మీద టంకశాల పేరు గోల్కొండ, కొన్నిటి మీద 'దారుల్ జిహాద్ హైదరాబాద్', తర్వాతి పాదుషాల కాలంలో ఫర్ఖుందా బున్యాద్. అంతకు ముందు కుతుబ్ షాహీలు కొట్టించినవి ఎక్కువగా రాగి నాణేలు. కనుక 'కుతుబ్ షాహీ వెండి రూపాయి' అని ఎవరైనా తెస్తే జాగ్రత్త.

ఆసఫ్ జాహీలు 1724 నుంచి స్వతంత్రంగానే ఏలినా, 1857 తిరుగుబాటు దాకా ఢిల్లీ పాదుషా పేరు మీదే రూపాయలు కొట్టారు. తమ గుర్తుగా మాత్రం మూలన ఒక అక్షరం ఇరికించారు. నిజాం నాసిరుద్దౌలా కాలం వాటి మీద 'నూన్' ఉంటుంది. చార్మినార్ గుమ్మంలోకి చేరిన అక్షరం ఈ అలవాటు కొనసాగింపే. బహదూర్ షా జఫర్‌ను దించాక పాదుషా పేరు పోయి నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా అన్న బిరుదు వచ్చింది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. హైదరాబాద్ రాజ్యంలో అన్ని రూపాయలూ హైదరాబాద్‌లో కొట్టినవి కావు. గద్వాల, నారాయణపేట లాంటి సంస్థానాల టంకశాలలు వేరుగా నడిచాయి. ఔరంగాబాద్ వైపువి వేరు. మహబూబ్‌నగర్ జిల్లా పాత కుటుంబాల్లో ఇవి కనిపిస్తాయి. వాటిలో వెండి నాణ్యత ఒక్కోచోట ఒక్కోలా ఉండేది, అందుకే షావుకార్లు వాటికి వట్టం కోసి, అంటే విలువ కొంత తగ్గించి తీసుకునేవారు.

కల్దార్ మీద గుర్తు ఎక్కడ వెతకాలి?

ఎప్పుడూ బొరుసు వైపు, అంటే విలువా సంవత్సరమూ ఉన్న వైపు, అడుగు భాగంలో మొదలుపెట్టండి. నాణేన్ని కదలకుండా పెట్టి టార్చిని పక్క నుంచి, వాలుగా పట్టండి. నేరుగా పైనుంచి వెలుతురు వేస్తే చుక్కలు మాయమవుతాయి.

విక్టోరియా రూపాయలు. మద్రాసు టంకశాల 1869లో మూతపడింది, కాబట్టి తర్వాతి రూపాయలు కలకత్తావో బొంబాయివో. బొంబాయికి ఇంగ్లీషు 'బి' అక్షరం, అడుగున పూల అల్లికలో. కొన్నిట్లో అది ఉబ్బెత్తుగా, కొన్నిట్లో లోపలికి దిగి ఉంటుంది. కొన్నిటి మీద కలకత్తా 'సి' కూడా ఉంది. 1862 అని తేదీ ఉన్న రూపాయిల సంగతి మరీ విచిత్రం: అదే తేదీతో 1873 దాకా కొడుతూ పోయారు, 1874 నుంచే ఏ ఏటికి ఆ ఏడు వేయడం మొదలైంది. తేదీ కింద కొన్నిటికి ఉన్న చుక్కలు అసలు కొట్టిన సంవత్సరాన్ని సూచిస్తాయని సేకరించేవాళ్ళు లెక్కగడతారు. చుక్కల లెక్క మీద వాదనలు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి, అందులోకి దిగితే రాత్రి భోజనం మర్చిపోతారు.

ఎడ్వర్డ్ రూపాయలు, 1903 నుంచి 1910. కిరీటం లేని బట్టతల రాజు. బొంబాయివైతే అడుగున లోపలికి దిగిన బుల్లి 'బి'. కలకత్తావైతే ఏమీ ఉండదు.

ఐదో జార్జ్ రూపాయలు, 1911 నుంచి. ఇక్కడ అక్షరం పోయి చుక్క వచ్చింది. బొరుసు అడుగున తామర పువ్వు కింద గుండుసూది తలంత ఉబ్బెత్తు చుక్క ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా. ఇళ్ళలో ఎక్కువగా దొరికేవి 1912 నుంచి 1920 దాకా ఉన్న ఈ రూపాయలే. 1911 రూపాయికి మాత్రం వేరే కథ ఉంది. రాజు అంగీ మీద చెక్కిన ఏనుగు పొట్టి తొండంతో పందిలా కనబడిందని గోల రేగింది; మరుసటి ఏడాది ఏనుగును సరిచేసి కొత్త అచ్చు వేశారు. కాబట్టి 1911 దొరికితే చుక్క కంటే ముందు ఏనుగును చూడండి.

ఆరో జార్జ్ రూపాయలు, 1938 నుంచి. బొంబాయికి మొదట చుక్క, తర్వాత డైమండ్ ఆకారం. యుద్ధం వచ్చి వెండి కరువై, 1940 నుంచి వెండిని 50 పాళ్ళకు దించేశారు. మిగతాది రాగి 40, నికెల్ 5, జింకు 5. అదే దశలో దొంగనాణేలను అడ్డుకోవడానికి అంచు మధ్యలో గాడి ఉన్న కొత్త అంచు తెచ్చారు.

ఏ గుర్తూ కనబడటం లేదు. నకిలీయా?

కాదు. చాలా కల్దార్లకు గుర్తు లేకపోవడమే కలకత్తా గుర్తు.

రాణి మెడ కింద 'డబ్ల్యూ డబ్ల్యూ' అని ఉంది. ఏ ఊరు?

ఊరు కాదు, మనిషి. విలియం వైయన్ అనే చెక్కుడు పనివాడి పేరులోని మొదటి అక్షరాలు. 1840 నాటి ఈస్టిండియా కంపెనీ రూపాయల మీద ఉంటాయి. అలాగే 1835 నాటి నాలుగో విలియం రూపాయల మీద మెడ దగ్గర 'ఎఫ్', 'ఆర్ ఎస్' అని కనిపిస్తాయి. అవి కలకత్తా టంకశాల అధికారులు ఫోర్బ్స్, సాండర్స్‌లవి. తల వైపు మెడ మీద ఉన్న అక్షరం దాదాపు ఎప్పుడూ మనిషిదే, ఊరిది కాదు.

అర్ధరూపాయి మీద 'ఎల్' ఉంది. లండన్‌లో కొట్టారా?

లాహోర్. యుద్ధ కాలంలో చిల్లర కరువు తీర్చడానికి 1943లో అక్కడ టంకశాల తెరిచారు. 1943-45 అర్ధరూపాయలు, పావలాల మీద వెతకండి.

నక్షత్రం గుర్తు హైదరాబాద్‌ది అంటారు కదా. నా పాత వెండి రూపాయి మీద అది లేదే?

ఉండదు. తేదీ కింద ఐదు మూలల నక్షత్రం స్వతంత్ర భారతదేశపు నాణేల మీద హైదరాబాద్ టంకశాలకు ఇచ్చిన గుర్తు. ముంబైకి డైమండ్, నోయిడాకు చుక్క, కోల్‌కతాకు ఏమీ లేదు. మీ జేబులో ఇప్పుడున్న చిల్లరలోనే నక్షత్రం దొరుకుతుంది, చూడండి. పిల్లలకు టంకశాల గుర్తులు నేర్పాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టడమే సులువు. దాన్ని తీసుకెళ్ళి చార్మినార్ రూపాయి మీద వెతికితే మాత్రం లాభం లేదు.

నాణెం మీద పువ్వులా, చంద్రవంకలా చిన్న గుంటలు ఉన్నాయి. అవి టంకశాలవేనా?

రెండు రకాలుగా ఉండొచ్చు. గుర్తు మిగతా అక్షరాలతో పాటు ఉబ్బెత్తుగా, అచ్చులో భాగంగా ఉంటే అది టంకశాలది. ఉదాహరణకు ఆర్కాటు పేరు మీద కొట్టిన రూపాయల్లో, నెలవంక ఉంటే పుదుచ్చేరి ఫ్రెంచివాళ్ళది, తామర పువ్వు ఉంటే మద్రాసు ఇంగ్లీషువాళ్ళది. రెంటి మీదా ఊరి పేరు ఆర్కాటే! రాసిన పేరును నమ్మితే తప్పులో పడే చోటు ఇది. ఇక్కడ గుర్తే అసలు సాక్ష్యం.

అక్షరాలను తొక్కుకుంటూ, లోపలికి దిగబడి ఉంటే అది షరాబు గుర్తు. నాణెం చేతులు మారినప్పుడు షావుకారు వెండి సరిగ్గా ఉందో లేదో చూసి తన ఉలితో ఒక చిన్న దెబ్బ వేసేవాడు. కొన్ని పాత రూపాయలకు అరడజను దాకా ఉంటాయి. సేకరించేవాళ్ళలో చాలామంది వీటిని మచ్చలుగా చూసి ధర తగ్గిస్తారు. నాకైతే అలాంటి నాణెమే ఎక్కువ ఇష్టం, ఎంతమంది చేతుల్లో తిరిగిందో కనబడుతుంది కాబట్టి.

తెలుగు అక్షరాలున్న వెండి నాణెం ఏదైనా ఉందా?

ఉంది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ 1808 ప్రాంతంలో కొట్టిన వెండి అర వరహా, పావు వరహా. ఒకవైపు గోపురం, ఇంకోవైపు దేవుడి బొమ్మ. గోపురం వైపు ఇంగ్లీషు, పార్సీ. దేవుడి వైపు తమిళం, తెలుగు. చూడచక్కని నాణెం, అందుకే నకళ్ళూ ఎక్కువే.

1939 రూపాయికి చాలా డబ్బు వస్తుందట. నా దగ్గర ఉంది. టెన్షన్‌గా ఉంది, అసలైనదేనా?

1939 రూపాయి నిజంగానే అరుదు. అందుకే అచ్చుపోసిన నకిలీలూ, వేరే సంవత్సరపు అంకెను చెక్కి 9గా మార్చినవీ బాగా తిరుగుతున్నాయి. భూతద్దంతో చివరి 9ని మొదటి 9తో పోల్చండి. రెండూ ఒకే ఎత్తులో, ఒకే వంపుతో ఉండాలి. దాని చుట్టూ నేల నునుపుగా ఉండాలి, గీకిన జాడ ఉండకూడదు. అసలు 1939లో వెండి 91.7 పాళ్ళు, 1940 తర్వాత రూపాయిని మార్చి ఉంటే వెండి సగమే తేలుతుంది. కాబట్టి బంగారు షాపులో యంత్రం మీద వెండి శాతం చూపించుకోండి, నాణెం గీయకుండానే తెలుస్తుంది. అచ్చుపోసిన నకిలీకి పైన సూదిమొనంత బుడగ గుంతలూ, అంచు చుట్టూ సన్నటి అతుకు గీతా కనబడతాయి.

హనుమంతుడి బొమ్మ, వెనక 'ఈస్టిండియా కంపెనీ 1818' అని ఉంది. దానికి శక్తి ఉందంటున్నారు.

కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదు. రాముడు, సీత, హనుమంతుడు, దీపం బొమ్మలతో 1616, 1717, 1818 లాంటి తేదీలు వేసినవన్నీ తర్వాతి కాలంలో చేసిన బిళ్ళలు. పూజలో పెట్టుకోవాలంటే పెట్టుకోండి. బియ్యాన్ని లాగుతుంది, కరెంటును ఆపుతుంది అని లక్షలు అడిగే బ్యాచ్ వస్తే మాత్రం పోలీసులకు చెప్పండి.

ఇంట్లోనే అసలు వెండి అని తెలుసుకునే తేలిక పద్ధతి?

అయస్కాంతం పెట్టండి. వెండి అంటుకోదు. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి అంటుకుంటుంది, ఎందుకంటే అది నికెల్, వెండి కాదు. ఉస్మాన్ అలీ ఖాన్ చివరి ఏళ్ళ రెండణాలు, నాలుగణాలు, ఎనిమిదణాలు కూడా నికెల్‌లోకి మారాయి. అయితే అంటుకోనంత మాత్రాన వెండి అని కాదు, ఇత్తడీ సీసమూ కూడా అంటుకోవు. ఆ తర్వాత తూకం.

నల్లబడింది. చింతపండు పెట్టి తోమొచ్చా?

వద్దు. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి, టూత్‌పేస్ట్ ఏదీ వద్దు. చుక్క గుర్తు ఎత్తు వెంట్రుక మందం కూడా ఉండదు. నాలుగుసార్లు తోమితే బొంబాయి రూపాయి కలకత్తా రూపాయి అయిపోతుంది. పైగా మెరిసే పాత నాణేన్ని చూడగానే కొనేవాడు ధర సగం చేస్తాడు. మట్టి ఉంటే మామూలు నీళ్ళలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి, రుద్దకండి.

దండకు గుచ్చడానికి కొండి అతికించిన రూపాయలకు కూడా ఇదే. లంబాడా ఆడవాళ్ళ పాత హారాల్లో ఇలాంటివి బోలెడు. కొండి ఊడదీయాలని వేడి చేస్తే అంచు కరిగి, అక్కడున్న గుర్తూ పోతుంది. ఉన్నట్టే ఉంచండి, ఆ హారం విలువ వేరు.

ఎవరికి చూపించాలి? ధర ఎంత అడగాలి?

ముందు కనీస ధర మీరే లెక్కేసుకోండి. ఆ రోజు గ్రాము వెండి రేటును 81.8 పాళ్ళ హాలీ రూపాయి అయితే 9.14తో, 1939 దాకా కల్దార్ అయితే 10.69తో, 1940 నుంచి వచ్చిన సగం వెండి కల్దార్ అయితే 5.83తో గుణించండి. అంతకంటే తక్కువకు ఎవరైనా అడిగితే లేచి వచ్చేయండి. గుల్జార్ హౌజ్, చార్ కమాన్ దగ్గరి వెండి దుకాణాల్లో మామూలుగా పలికేది ఈ లెక్కే, అందులోంచి తరుగు తీస్తారు. వాళ్ళకు చిన్న ఐన్ అయినా పెద్ద ఐన్ అయినా ఒకటే, కరిగించే వెండి కాబట్టి. అందుకే గుర్తు, తేదీ రెండూ తేల్చుకున్నాకే అటు వెళ్ళాలి. అరుదైనది అనిపిస్తే నగరంలో జరిగే నాణేల ప్రదర్శనల్లో ఇద్దరు ముగ్గురు డీలర్లకు వేర్వేరుగా చూపించండి. అమ్మే ఉద్దేశం లేకుండా పోల్చి చూసుకోవాలంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం, సైఫాబాద్ టంకశాల మ్యూజియం ఉన్నాయి.

నెల్లూరు నుంచో నిజామాబాద్ నుంచో వచ్చిన బంధువు 'లక్ష వస్తుందట' అని పంపిన వాట్సాప్ వీడియోను ధరకు ఆధారంగా తీసుకోకండి.

ఇంటి పునాది తవ్వుతుంటే కుండలో రూపాయలు దొరికాయి. మావేనా?

వెంటనే మీవి కావు. 1878 నాటి నిధి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాచినట్టు దొరికిన సొత్తు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఆ తర్వాత విచారణ జరిపి, ఎవరికి ఎంత చెందాలో తేలుస్తారు. దాచిపెడితే శిక్ష ఉంది, భాగమూ పోతుంది. దొరికిన కుండను, నాణేలను విడదీయకుండా అలాగే ఉంచండి. ఏవి కలిసి ఉన్నాయో తెలిస్తేనే ఆ నిధి ఏ కాలందో చెప్పగలరు.

తాతల నుంచి వచ్చినవి మీవే. కాకపోతే నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కింద లెక్క, 1972 చట్టం ప్రకారం దేశం దాటించడానికి వీల్లేదు. అమెరికాలో ఉన్న మనవడికి గిఫ్ట్‌గా సూట్‌కేసులో పెట్టి పంపే ఆలోచన ఉంటే మానుకోండి.

గుర్తు తేలింది. ఇక ఎలా దాచాలి?

ఒక్కో నాణేన్ని ఒక్కో చిన్న కాగితపు కవరులో పెట్టండి. కవరు మీద ముందే రాసుకోండి, నాణెం లోపల పెట్టాక కాదు: ఎవరి కాలం, హిజ్రీ లేదా ఇంగ్లీషు సంవత్సరం, టంకశాల, తూకం, ఎవరి నుంచి వచ్చింది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు, కొన్నేళ్ళకు అందులోంచి పచ్చటి జిగురు దిగుతుంది. రబ్బరు బ్యాండు అసలే వద్దు, అందులోని గంధకం వెండిని నల్లగా చేస్తుంది. వానాకాలంలో కవర్ల పక్కన సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, కొన్ని నెలలకోసారి మార్చండి.